కారులో చెక్క కాని చెక్క: బాగు చేయాలా, మార్చేయాలా?

(తిరుపతిలో ఒక ఆదివారం ఉదయం కారు యజమానులు, ట్యాక్సీ డ్రైవర్లు, పెయింటింగ్ షెడ్లలో పని నేర్చుకుంటున్న కుర్రాళ్ల ముందు ఒక ఇంటీరియర్ పనివాడు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి సామీ, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నన్ను మాట్లాడమన్నది కారులో ‘వుడ్ ఫినిష్’ గురించి. డాష్‌బోర్డు మీద అడ్డంగా పోయే పట్టీ, ఏసీ వెంట్ల చుట్టూ ఉండే ఫ్రేము, గేర్ చుట్టూ ఉండేది, తలుపుల మీద పవర్ విండో స్విచ్‌ల చుట్టూ ఉండేది. గోధుమరంగులో నిగనిగలాడే ఆ ముక్కలు. ఇన్నోవా మన దేశంలోకి వచ్చింది 2005లో. దాని పై రకం మోడళ్లలో ఈ వుడ్ ఫినిష్ ఉండేది. ఆ బండ్లు ఇప్పటికీ మన ఊళ్లో ఎన్ని తిరుగుతున్నాయో మీకు నేను చెప్పాలా? రేణిగుంట నుంచి కొండకి, కొండ దిగి తిరుచానూరుకి, అట్నుంచి కాళహస్తికి, కాణిపాకానికి. మధ్యలో ఎక్కడ ఆగితే అక్కడ ఎండలోనే ఆగుతాయి. నీడ దొరికేది ఎవరికి?

నా దగ్గరికి వచ్చేవాళ్లు అడిగేది ఒకటే. ‘అన్నా, పాతబడిపోయింది, దీని మీద స్టిక్కర్ వేసెయ్.’ నేను తిరిగి అడిగేదీ ఒకటే. ఏది పాతబడింది? కింద ప్లాస్టిక్కా? దాని మీద ముద్రించిన చెక్క బొమ్మా? ఆ బొమ్మ మీద ఉన్న క్లియర్ కోటా, అంటే రంగులేని మెరుపు పొరా? మూడు పొరలు, మూడింటికీ మూడు వైద్యాలు. ఎక్కువ బండ్లలో పాడయ్యేది పైనున్న క్లియర్ ఒక్కటే. కింద బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది. దాన్ని స్టిక్కర్ కింద పాతిపెట్టేస్తున్నారు. ఏది పాడైందో తేల్చుకోకుండా చేతిలోకి వాటర్ పేపర్, అదే నీళ్లతో రుద్దే గరుకు కాగితం, తీసుకోవద్దు, అంతే నేను చెప్పేది. మిగతాదంతా దాని వివరమే.

ఈ నకిలీ చెక్క నిన్నమొన్నటిది కాదు. 1930లలో అమెరికా కార్లలో డాష్‌బోర్డు ఉక్కు రేకుతో చేసి, ఆ రేకు మీద చెక్క చారలు ముద్రించేవాళ్లు. ప్లాస్టిక్ ఆ తర్వాత వచ్చింది. ఇప్పుడు మన బండ్లలో ఎక్కువగా ఉండేది ఏబీఎస్ అనే ప్లాస్టిక్. దాని మీద వేసే బొమ్మ చాలాసార్లు వాల్‌నట్ బర్ల్‌ది. బర్ల్ అంటే చెట్టు బోదె మీద లేచే కంతి. దాన్ని కోస్తే చారలు తిన్నగా రావు, సుళ్లు తిరిగి, మధ్యమధ్య కన్నుల్లాంటి చుక్కలు వస్తాయి. వాల్‌నట్ కాశ్మీర్లో పెరుగుతుంది, మన శేషాచలంలో పెరగదు. అయినా మన డ్రైవర్ పొద్దున లేస్తే చూసేది ఆ చెట్టు కంతినే.

మరి అది బొమ్మా, నిజం చెక్క పొరా అని ఎట్లా తెలుసుకోవడం? అంచు చూడండి. ముద్రణ అయితే చార అంచు మీదుగా వంగి వెనక్కి కూడా పోయి ఉంటుంది. నిజం చెక్క అంత సన్న మూలలో అట్లా వంగదు, అంచు దగ్గర పొర తెగినట్టు గీత కనిపిస్తుంది. వెనక్కి తిప్పితే అల్యూమినియం రేకో, ప్లైవుడ్డో ఉంటుంది. ఖరీదైన పాత విదేశీ బండ్లలో అట్లా చూస్తాం. ఫోన్ కెమెరా దగ్గర పెట్టి పెద్దది చేసి చూడండి, ముద్రణ అయితే చాలాసార్లు చిన్న చిన్న చుక్కలు బయటపడతాయి. నాలుగు తలుపుల ముక్కలూ పక్కపక్కన పెట్టండి. ఒకే సుడి రెండు చోట్ల అచ్చంగా కనిపిస్తే అది మిషన్ నుంచి వచ్చిందే. అద్దంలో చూసినట్టు ఎదురుబొదురుగా ఉంటే మాత్రం తొందరపడి నకిలీ అనొద్దు, నిజం చెక్క పొరను పుస్తకం తెరిచినట్టు పరిచి అతికించే పద్ధతి కూడా ఉంది.

మూడో రకం ఇంకోటుంది. బండి కొన్నాక యాక్సెసరీస్ షాపులో అతికించే వుడ్ కిట్. అంచు మీద గోరు పెట్టి లాగితే మెట్టు తగులుతుంది. అది తీసేస్తే కింద కంపెనీ ముక్క ఉంటుంది, అప్పుడప్పుడూ చక్కగా ఉంటుంది కూడా. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, చేపలు పట్టే నైలాన్ దారం వెనక దూర్చి రంపం లాగినట్టు లాగితే టేపు వదిలేస్తుంది. స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు.

ఇప్పుడు అసలు పరీక్ష. వెలిసిపోయినట్టున్న చోట తడి వేలితో రుద్దండి. తడిగా ఉన్నంతసేపు చెక్క కొత్తదిలా మెరిసి, ఆరగానే మళ్లీ మసకబారిందా? సంతోషించండి. గీతలు పైపైనే ఉన్నాయి, పాలిష్‌తో పోతాయి. తడిపినా తెల్లమచ్చ అట్లాగే ఉందా? అయితే క్లియర్ కింద నుంచి లేచింది, లోపలికి గాలి దూరింది. అది రుద్దితే పోదు. ఎండిన చెరువులా పగుళ్లు కనిపిస్తున్నాయా? క్లియర్ గట్టిపడి చీలింది. ఈ మూడింటినీ కలిపి ‘పాడైపోయింది’ అని ఒకే మాట అంటే ఎట్లా?

ఇంకో సాక్ష్యం మన ఊరి బండ్లలోనే దొరుకుతుంది. డాష్‌బోర్డు మీద స్వామి లేని బండి తిరుపతిలో ఉందా? చాలామంది ఆ విగ్రహాన్ని టేపుతో వుడ్ ఫినిష్ మీదే అతికిస్తారు. కొన్నేళ్ల తర్వాత దాన్ని తీసి చూడండి. పీఠం ఆకారంలో ఒక ముక్క కొత్తగా ఉంటుంది, ఎండ తగల్లేదు కాబట్టి. ఇప్పుడు చుట్టూ ఉన్నదాన్ని దాంతో పోల్చండి. పసుపెక్కిందా, పాలిపోయిందా? పసుపెక్కితే ముసలిదైంది క్లియర్. పాలిపోతే బొమ్మలో రంగే పోయింది. క్లియర్ అయితే మార్చుకోవచ్చు. బొమ్మలో రంగు పోతే వెనక్కి తేలేం. ఈ చిన్న పరీక్షకి స్వామికి దండం పెట్టుకోవాలి.

ఎందుకు పాడవుతుంది? మొదటి దోషి ఎండ. మన మే నెల ఎండలో అద్దాలెక్కించి పెట్టిన బండిలో డాష్‌బోర్డు పై భాగం 70 డిగ్రీలు కూడా దాటుతుంది. ఏబీఎస్ వేడికి బాగా సాగుతుంది. అర మీటరు పొడవున్న పట్టీ 50 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2 మిల్లీమీటర్లు పొడవవుతుంది. సాయంత్రం ఏసీ వేయగానే మళ్లీ ముడుచుకుంటుంది. రోజూ ఇదే. పైన క్లియర్ మందంగా, పెళుసుగా ఉంటే అది సాగలేదు, చీలుతుంది. అందుకే ‘ఇంకో కోటు కొట్టు అన్నా, గాజులా ఉండాలి’ అనేవాళ్లతో నాకు రోజూ గొడవ.

రెండోది సెంటు. డాష్‌బోర్డు మీద పెట్టే పర్‌ఫ్యూమ్ సీసా ఒలికితే ఆ ద్రవం క్లియర్‌ని మెత్తబరుస్తుంది, గుండ్రటి మచ్చ పడి జిగురుగా తయారవుతుంది. మూడోది 2020 తర్వాత మొదలైంది, శానిటైజర్. తడి చేతులతోనే స్టీరింగ్ పట్టుకోవడం, తలుపు స్విచ్ నొక్కడం. ఆల్కహాల్ కదా, పొర ఊడింది. నాలుగోది ఉంగరం. డ్రైవర్ కుడిచేతి ఉంగరం అద్దం స్విచ్ దగ్గర రోజూ ఒకేచోట గీస్తుంది. ఆ గీతలు చూస్తే ఉంగరం ఏ వేలికుందో చెప్పేయొచ్చు.

ముక్కలు విప్పే ముందు

ఇక్కడ కాస్త గట్టిగా చెప్తాను, కుర్రాళ్లు వినండి. మన దేశంలో 2019 జూలై నుంచి కొత్త కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. తర్వాత పక్క సీటుకి కూడా తప్పనిసరి చేశారు. అంతకు ముందు బండ్లలోనూ చాలావాటికి ఉంది. పక్క సీటు ఎదురుగా డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్న మూత మీద, స్టీరింగ్ మధ్య మూత మీద పెయింటు వద్దు, స్టిక్కర్ వద్దు, కిట్ వద్దు. ఆ మూత చీలి తెరుచుకునేట్టు చేసింది. దాని మీద గట్టి ప్లాస్టిక్ ముక్క అతికిస్తే పేలినప్పుడు అది ఎగిరేది ఎటువైపు? మనిషి ముఖం మీదికే కదా. అందం కోసం అక్కడ చెయ్యి పెట్టొద్దు, కస్టమర్ ఎంత బతిమాలినా సరే.

విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. బండి మాన్యువల్‌లో ఎంతసేపు ఆగమని రాసుంటే అంతసేపు ఆగండి. పసుపురంగు కనెక్టర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది, ముట్టుకోవద్దు. ముక్కల్ని లేపడానికి ప్లాస్టిక్ ప్రై టూల్ వాడండి, పక్క ముక్కల అంచులకు మాస్కింగ్ టేపు వేయండి. క్లిప్పులు కొన్ని విరుగుతాయి, విరగవని ఎవరైనా అంటే నమ్మొద్దు. ముందే కొని పెట్టుకోండి. ప్రతి స్క్రూ ఎక్కడిదో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది కాబట్టి కాస్త వేడి చేసి లాగితే మంచిది.

తర్వాత కడగడం. దీనికి నేను ఇచ్చే సమయం పెయింటుకి కూడా ఇవ్వను. ఎందుకో తెలుసా? వాటర్ వాష్ చేసే కుర్రాడు ప్రతిసారీ మెరుపు కోసం డాష్‌బోర్డు పాలిష్ కొడతాడు. అందులో చాలావాటిల్లో సిలికాన్ ఉంటుంది. దాని మీద పెయింటు కొడితే గుండ్రటి గుంటలు పడతాయి, ‘ఫిష్ ఐ’ అంటారు మనవాళ్లు. స్టిక్కర్ వేస్తే అంచులు లేస్తాయి. ముందు సబ్బునీళ్లు, మూలల్లో టూత్ బ్రష్. కుంకుమ, గంధం, అగరుబత్తి మసి, అన్నీ మూలల్లోనే ఉంటాయి. తర్వాత నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒక గుడ్డతో తుడిచి, ఇంకో పొడిగుడ్డతో వెంటనే ఎత్తేయాలి. ఒకే గుడ్డతో తుడిస్తే మురికి ఇక్కడిది అక్కడికి చేరుతుంది, అంతే. ఎన్‌సీ థిన్నర్, అంటే నైట్రోసెల్యులోజ్ లక్కర్‌ని పల్చన చేసే ద్రవం, మాత్రం వద్దు. ఏబీఎస్‌ని కరిగిస్తుంది.

బొమ్మ బాగుంటే

పైపై గీతలే అయితే 1500 నంబరు వాటర్ పేపర్, తర్వాత 2000, నీళ్లతో, తేలిగ్గా. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ఆ తర్వాత రబ్బింగ్ కాంపౌండ్, మెత్తటి ఫోమ్ ప్యాడ్. మిషన్ తక్కువ స్పీడులో. ప్లాస్టిక్ వేడెక్కితే ఆపండి. చాలా బండ్లకి ఇంతటితో పని అయిపోతుంది. కస్టమర్ ‘ఇంతేనా’ అంటాడు. ఇంతే.

క్లియర్ చీలితే 800తో మొదలుపెట్టి దాన్ని దించాలి. ఎంతవరకు? చీలికలు పోయేవరకు, బొమ్మ తగలకముందు వరకు. ఆ రెండింటి మధ్య ఉన్న చోటు చాలా సన్నం. రుద్దుతుంటే వచ్చే నీళ్లు తెల్లగా పాలలా ఉన్నంతసేపు మీరు రుద్దుతున్నది క్లియర్‌నే. నీళ్లలో గోధుమరంగు కనిపించిందో, బొమ్మ మొదలైనట్టు. చెయ్యి ఆపండి. అంచుల దగ్గర, వంకరల మీద క్లియర్ సన్నగా ఉంటుంది కాబట్టి వాటిని చివర్లో, చేత్తో, రెండు మూడు సార్లు తడిమినట్టు రుద్దాలి. పేపర్‌ని వేలికి చుట్టి రుద్దకండి, వేలి ఆకారంలో గాడి పడుతుంది. చిన్న రబ్బరు ముక్కకి చుట్టండి.

దాని మీద హార్డ్‌నర్, అంటే గట్టిపరిచే ద్రవం, కలిపే రెండు భాగాల పీయూ (పాలీయురెథేన్) క్లియర్. డబ్బా మీద ఏ పాళ్లు రాసి ఉంటే ఆ పాళ్లే. ‘తొందరగా ఆరాలి’ అని హార్డ్‌నర్ ఎక్కువ పోస్తే పొర పెళుసవుతుంది. పెళుసైతే మన ఎండలో ఏమవుతుందో ఇందాకే అనుకున్నాం. సన్నటి కోట్లు రెండు, మహా అయితే మూడు. కోటుకీ కోటుకీ మధ్య పది, పదిహేను నిమిషాలు. ఆ హార్డ్‌నర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఊపిరితిత్తులకు చెడ్డది, ఒకసారి పడకుండా పోతే ఆ తర్వాత కొంచెం పీల్చినా ఆయాసం వస్తుంది. ముక్కుకి తువ్వాలు కట్టుకుని స్ప్రే చేసే అలవాటు మన షెడ్లలో ఉంది. తువ్వాలు దుమ్మునే ఆపుతుంది, ఈ ఆవిరిని కాదు. ఆర్గానిక్ ఆవిరికి పనికొచ్చే కార్ట్‌రిడ్జ్ మాస్కు కొనండి, తలుపులు తెరిచి పెట్టండి. ఓనర్లు కొనివ్వకపోతే గట్టిగా అడగండి తమ్ముడూ.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ తేమలో, ముఖ్యంగా మామూలు ఎన్‌సీ లక్కర్ కొడితే, పొర తెల్లగా మసకబారుతుంది. వాన పడే రోజు ఈ పని పెట్టుకోవద్దు. దుమ్ము లేవకుండా నేల తడపండి, కానీ ముక్కలకు దూరంగా.

బొమ్మే పోతే? అప్పుడు మూడు దారులు. మొదటిది అందరూ మర్చిపోయింది, మన దగ్గరే ఉన్నది. ఇంటి ఇనుప తలుపులకు టేకు డిజైన్ కొట్టే పెయింటర్లు మీకు తెలుసు కదా? లేత రంగు బేస్ కొట్టి, దాని మీద ముదురు రంగు పల్చగా పూసి, తడిగా ఉండగానే రబ్బరు దువ్వెన లాగి చారలు తెస్తారు. ఆ చెయ్యి తిరిగిన మనిషిని పిలిచి, చిన్న బ్రష్ ఇచ్చి, కారు ముక్క మీద చేయించండి. బర్ల్ కావాలంటే దువ్వెన బదులు నలిపిన పాలిథిన్ కవర్‌తో అద్దితే సుళ్లు వస్తాయి. ఏబీఎస్‌కి పట్టు రావడానికి ముందు ప్లాస్టిక్ ప్రైమర్ తప్పదు, చివర పీయూ క్లియర్. ఒక్క ముక్క విరిగి మిగతావాటికి జత కలపాలంటే నా ఓటు దీనికే. మిగతా ఏ పద్ధతిలోనూ పక్క ముక్క రంగు ఇంత దగ్గరగా రాదు.

రెండోది హైడ్రో డిప్పింగ్. నీళ్లలో కరిగే పీవీఏ ఫిల్ము మీద చెక్క బొమ్మ ముద్రించి ఉంటుంది. దాన్ని 30 డిగ్రీల చుట్టుపక్కల ఉన్న గోరువెచ్చటి నీళ్ల మీద పరుస్తారు. ఫిల్ము కరుగుతుంది, పైన యాక్టివేటర్ స్ప్రే చేస్తే సిరా ద్రవంగా మారి నీళ్ల మీద తేలుతుంది. ముక్కని ఏటవాలుగా నెమ్మదిగా ముంచితే సిరా చుట్టుకుంటుంది. మళ్లీ కడిగి జిగురు పోగొట్టి, ఆరబెట్టి, క్లియర్. ఇందులో అసలు కిటుకు కింద కొట్టే బేస్ రంగు. అదే ఫిల్ము పసుపు బేస్ మీద టేకులా ఉంటుంది, ఎర్రటి గోధుమ బేస్ మీద రోజ్‌వుడ్‌లా ఉంటుంది. లోతైన గుంటల్లో బొమ్మ సాగుతుంది, అది ఒప్పుకోవాల్సిందే.

మూడోది వినైల్, మీరు స్టిక్కర్ అనేది. నేను దానికి శత్రువుని కాదు. కానీ రెండు రకాలున్నాయి, ద్రవాన్ని పల్చగా పోసి ఆరబెట్టి చేసే కాస్ట్, రోలర్ల మధ్య నొక్కి సాగదీసి చేసే క్యాలెండర్డ్. క్యాలెండర్డ్ చవక. వంపుల మీద సాగదీసి అతికిస్తే ఎండకి వెనక్కి ముడుచుకుంటుంది. ‘ఇంపోర్టెడ్’ అని చెప్పి ఇదే అంటగట్టే షాపులున్నాయి, కొనేటప్పుడు రోల్ మీద ఏం రాసుందో చదవండి. కాస్ట్ అయితే వంపులకు నిలుస్తుంది. అంచు వెనక్కి కనీసం అరసెంటీమీటరు మడవాలి, మడిచిన చోట హీట్ గన్‌తో 90 డిగ్రీల దాకా వేడి చూపించాలి, అప్పుడు సాగిన జ్ఞాపకం పోతుంది. తలుపు ముక్కలన్నిటికీ చార ఒకే దిక్కుకి పోయేట్టు ముందే గుర్తు పెట్టుకుని కత్తిరించండి. ముందు తలుపుకి అడ్డచార, వెనక తలుపుకి నిలువుచార ఉన్న బండి కూడా నా దగ్గరికొచ్చింది. చూడలేం.

ఇవేవీ వద్దు, మార్చేద్దాం అంటారా? కంపెనీ ముక్క దొరికితే మంచిదే. దొరకనప్పుడు మనవాళ్లు చెన్నై పుదుపేటకి పోతారు, పాత బండ్ల సామాను అక్కడ గుట్టలుగా ఉంటుంది. పోయేటప్పుడు మీ పాత ముక్క చేత్తో పట్టుకుపోండి. ఒకే బండిలో ఆటో ఏసీకి ఒక ఫ్రేము, మామూలు ఏసీకి ఒక ఫ్రేము. క్లిప్పుల చోటు మారుతుంది. విదేశాల నుంచి తెప్పించేవాళ్లు ఎడమ స్టీరింగ్ బండిదేమో చూసుకోండి, డాష్‌బోర్డు పట్టీ తారుమారుగా వస్తుంది. ఇంకోటి, ఒక్క ముక్క మాత్రం తేవద్దు. వేరే బండి వేరే ఎండలో తిరిగింది, రంగు కలవదు. సెట్టు మొత్తం తెండి.

ఎవరో అడుగుతున్నారు... ఎర్రచందనం పొర వేయొచ్చా అనా? ఈ ప్రశ్న ప్రతిచోటా వస్తుంది. సామీ, అనుమతి కాగితాలు లేకుండా ఆ చెక్క ముక్క బండిలో ఉంటే చెక్‌పోస్టు దగ్గర ఎంత టెన్షనో మీకు తెలియదా? నిజం చెక్క మీద మోజుంటే గేర్ నాబ్ వరకు చేయించుకోండి. ఏర్పేడు దగ్గర మాధవమాలలో చెక్క మీద దేవుళ్లను చెక్కే చేతులున్నాయి, వాళ్లకి అదెంత? టేకుతో చెక్కించి, లోపల పాత నాబ్ మర బిగించి, సన్నగా పాలిష్ చేయిస్తే చెమట చేతికి కూడా బాగుంటుంది. డాష్‌బోర్డు వంపుల మీద నిజం చెక్క పొర మాత్రం మన ఎండకి నిలవదు. ప్లాస్టిక్ సాగినంత చెక్క సాగదు, మధ్యలో జిగురు వదిలేస్తుంది.

అమ్మా, మీరేదో అడిగారు. స్టీరింగ్ మీద వుడ్ ముక్క ఊడుతోందా? రిమ్ము వరకైతే చేయించుకోవచ్చు. దానికి స్టీరింగ్ విప్పాల్సి వస్తే ఎయిర్‌బ్యాగ్ తీయాలి, అది మా పని కాదు, సర్వీస్ సెంటర్‌లో విప్పించి రిమ్ము ఒక్కటే తెండి. మరీ నున్నటి మెరుపు అడగొద్దు, చెయ్యి జారుతుంది. మెరుపు తక్కువుండే శాటిన్ క్లియర్ చాలు.

నల్లగా, పియానో బ్లాక్ చేస్తే ఎట్లా ఉంటుందని ఆ బాబు అడుగుతున్నాడు. చేయడం సులువే, బొమ్మ పని లేదు కదా. అయితే దుమ్ము, వేలిముద్రలు, గీతలు, మొత్తం కనిపిస్తాయి. ఘాట్ రోడ్డు, పార్కింగు, దుమ్ము, మళ్లీ ఘాట్ రోడ్డు తిరిగే బండికి నేను చెప్పను. ఇంట్లో షెడ్డులో పెట్టుకునే బండికైతే నీ ఇష్టం.

ఎన్నాళ్లు ఆగాలి? పీయూ క్లియర్ ముట్టుకుంటే ఒకరోజులో ఆరినట్టుంటుంది, పూర్తిగా గట్టిపడటానికి వారం దాకా పడుతుంది. ఆ వారం దాని మీద టేపు, విగ్రహం, ఫోన్ హోల్డర్ ఏవీ అతికించొద్దు. బిగించేటప్పుడు క్లిప్పులు అన్నీ టక్కుమని కూర్చోవాలి, గట్టిగా గుద్దొద్దు. స్విచ్‌ల కనెక్టర్లు పెట్టాక, అన్నిటికంటే చివర బ్యాటరీ. తాళం ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోతే మళ్లీ విప్పి మీరే వెతకొద్దు, బండిని అట్లాగే సర్వీస్ సెంటర్‌కి తీసుకుపోండి. డబ్బు తీసుకునేది ఆ లైటు ఆరాకే.